తన పరుగును తానే కొనుక్కున్న టామ్ లాంగ్‌బోట్



మహనీయుల జీవితాలు శీర్షిక ఈ నెల నా వంతు వచ్చింది. తెలుగు మాస్టారు రెండు చార్టులు ఇచ్చి వీటిలో సరిపెట్టమన్నారు. నాకు నాలుగు పట్టాయి. అందుకే అక్షరాలు చిన్నవి. కింది వరసలు చదవాలంటే వంగాలి, పొడుగువాళ్ళు ఏమీ అనుకోవద్దు.

ముందుగా ఈయన గురించే ఎందుకు రాస్తున్నానో చెప్పాలి. ఈ ఏడాది జోనల్ ఆటల పోటీల్లో మూడు వేల మీటర్ల పరుగులో నాకు మొదటి స్థానం వచ్చిన సంగతి మీకందరికీ తెలుసు. మీకు తెలియనిది ఇంకొకటుంది. పోటీలు అయిన వారానికి ఒకాయన మా ఊరు వచ్చాడు. ఆయన పేరు, సంస్థ పేరు ఇక్కడ రాయను. బూట్లు కొనిస్తాం, పట్నంలో ఉంచి తర్ఫీదు ఇస్తాం, పెద్ద పోటీలకు తీసుకెళ్తాం అన్నాడట. ఇంగ్లీషులో ఆరు పేజీల కాగితం మా నాన్న చేతికిచ్చి సంతకం పెట్టమన్నాడట. మా నాన్న దాన్ని అరుగు మీద పరిచి అటూ ఇటూ తిప్పి చూసి, వాడు సెలవుల్లో వస్తాడు, వాడే చదువుతాడు అని పక్కన పెట్టేశాడు.

నేను చదివాను. సగం అర్థం కాలేదు. అయిదో పేజీలో ఒక వాక్యం మాత్రం డిక్షనరీ పెట్టుకుని అర్థం చేసుకున్నాను. ఎనిమిదేళ్ళ పాటు నా పరుగుకు సంబంధించిన హక్కులన్నీ వాళ్ళవి, వాటిని వాళ్ళు ఎవరికైనా బదలాయించవచ్చు అని దాని సారాంశం. బదలాయించడం అంటే ఏమిటని మా పి.ఇ.టి. మాస్టారిని అడిగాను. ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. గ్రౌండు చుట్టూ నడుస్తూ టామ్ లాంగ్‌బోట్ కథ చెప్పారు. తరువాత ఇంగ్లీషు మాస్టారి సాయంతో నేను మిగతాది చదివాను. అదే ఇది.

టామ్ లాంగ్‌బోట్ 1886 జూలై 4న కెనడా దేశంలో పుట్టాడు. అంటారియో రాష్ట్రంలో బ్రాంట్‌ఫర్డ్ అనే పట్నం దగ్గర గ్రాండ్ రివర్ ఒడ్డున ఆరు తెగల వాళ్ళ భూమి ఉంది. దానిని సిక్స్ నేషన్స్ రిజర్వు అంటారు. మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా, టస్కరోరా, ఇవీ ఆ ఆరు తెగలు. మన ఏజెన్సీ లాంటిది అనుకోవచ్చు గాని అచ్చం అలాంటిది కాదు. తెల్లవాళ్ళు వచ్చి దేశమంతా ఆక్రమించుకున్నాక అక్కడి ఆదివాసులకు మిగిల్చిన ముక్క అది. టామ్ ఒనొండాగా తెగవాడు. ఇంట్లో పెట్టిన పేరు కాగ్వాగీ. ఆ మాటకు వాళ్ళ భాషలో అన్నీ, సమస్తం అని అర్థం. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. చిన్న కమతం, కటిక పేదరికం.

పన్నెండేళ్ళప్పుడు టామ్‌ను మోహాక్ ఇన్‌స్టిట్యూట్ అనే రెసిడెన్షియల్ స్కూల్లో వేశారు. ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే మనదీ రెసిడెన్షియల్ స్కూలే. కానీ తేడా ఉంది, అది చెప్పకపోతే తప్పవుతుంది. మనం రాత్రిపూట డార్మెటరీలో కువిలోను, ఆదివాసీ ఒరియాలోను కబుర్లు చెప్పుకుంటాం. ఎవరూ ఏమీ అనరు (తొమ్మిదిన్నర దాటితే అంటారు, అది వేరే సంగతి). అక్కడ సొంత భాష మాట్లాడితే శిక్ష. సొంత నమ్మకాలు వదిలెయ్యాలి. సగం రోజు చదువు, సగం రోజు పొలంలోనో పశువుల దగ్గరో చాకిరీ. రోజూ అదే జావ పెట్టేవాళ్ళట. అందుకని పిల్లలు ఆ బడికి జావ గుంట అన్నట్టు ఒక పేరు పెట్టుకున్నారు. తరతరాల పిల్లలు ఆ పేరుతోనే దాన్ని గుర్తుపెట్టుకున్నారు. ఆ బడి 1970లో గాని మూతపడలేదు. ఇలాంటి బళ్ళు పిల్లలకు చేసిన అన్యాయానికి కెనడా ప్రధానమంత్రి 2008లో పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు.

టామ్ అక్కడి నుంచి పారిపోయాడు. పట్టుకొచ్చి శిక్షించారు. మళ్ళీ పారిపోయాడు. ఈసారి తెలివిగా సొంత ఇంటికి వెళ్ళకుండా మేనమామ పంచన చేరాడు. ఆ మామ దాచిపెట్టాడు. అంతటితో టామ్ చదువు ముగిసింది. పెద్దయ్యాక, పేరు ప్రఖ్యాతులు వచ్చాక, అదే బడివాళ్ళు వచ్చి పిల్లలకు రెండు మాటలు చెప్పమని పిలిస్తే వెళ్ళలేదు. తన కుక్కను గూడా ఆ బడికి పంపనని అన్నాడట. (మన గోడ దూకేవాళ్ళు దీన్ని సాకుగా పట్టుకోవద్దని మనవి. వార్డెన్ గారు ఇది చదివి నన్ను పిలిపించకూడదని మరో మనవి.)

తరువాత కొన్నేళ్ళు టామ్ పొలాల్లో కూలి పని చేశాడు. ఆ చుట్టుపక్కల పరుగంటే అందరికీ ఇష్టం. ఆ రిజర్వులోనే బిల్ డేవిస్ అనే మోహాక్ పరుగువీరుడు ఉండేవాడు. అతను 1901లో అమెరికాలోని బోస్టన్ మారథాన్‌లో రెండో స్థానంలో వచ్చాడు. మనవాడే అంత దూరం పోయి అంతమందిని దాటాడంటే మిగతా పిల్లలకు కాళ్ళు ఊరికే ఉంటాయా? 1905లో కాలెడోనియా అనే ఊళ్ళో విక్టోరియా రాణి పుట్టినరోజు పండగకు పెట్టిన అయిదు మైళ్ళ పందెంలో టామ్ పాల్గొన్నాడు. రెండోవాడిగా వచ్చాడు. మొదట్లోనే బలమంతా ఖర్చు పెట్టేసే అలవాటు అప్పుడుండేది, నాకూ ఉంది. మర్నాటి ఏడాది అదే పందెం గెలిచాడు.

ఇక్కడొక కథ చెప్పుకుంటారు. మనిషి అంత దూరం అంత జోరుగా పరిగెత్తగలడంటే వాళ్ళమ్మ నమ్మలేదట. అప్పుడు టామ్ తన తోడబుట్టినవాణ్ణి గుర్రపు బండి మీద హామిల్టన్ పట్నానికి పంపి, అరగంట ఆగి తాను పరుగు మొదలుపెట్టి, బండి కంటే ముందే హామిల్టన్ చేరాడట. నిజమో కాదో గాని నాకైతే నమ్మాలనే ఉంది.

1906 అక్టోబరులో ఆ హామిల్టన్‌లోనే సరస్సు చుట్టూ పరిగెత్తే పెద్ద పందెం జరిగింది. పంతొమ్మిది మైళ్ళ పైచిలుకు, అంటే సుమారు 30 కిలోమీటర్లు. బోస్టన్ మారథాన్ కంటే గూడా పాత పందెం అది, 1894లో మొదలైంది. ఎవరికీ పెద్దగా తెలియని ఆదివాసీ కుర్రాడు రెండోవాడి కంటే మూడు నిమిషాల ముందు వచ్చి గెలిచాడు. మూడు నిమిషాలంటే తక్కువ అనుకోకండి. రెండోవాడు వచ్చేసరికి మొదటివాడు ఊపిరి తీసుకుని నీళ్ళు తాగి కూర్చుని ఉంటాడన్నమాట.

1907 ఏప్రిల్ 19. బోస్టన్ మారథాన్. చలి, వాన, మంచు కలిసి కురుస్తున్న రోజు. వందమందికి పైగా బయలుదేరారు. దారిలో ఒకచోట రైలు పట్టాలు దాటాలి. ముందున్న కొద్దిమందితో పాటు టామ్ దాటేశాడు. వెంటనే గూడ్సు బండి అడ్డం వచ్చి వెనకవాళ్ళంతా నిలబడిపోయారు. రైలు వల్ల గెలిచాడని ఎవరైనా అంటారేమో. అతనితో పాటు పట్టాలు దాటినవాళ్ళను మాత్రం ఏ రైలూ ఆపలేదు. చివర్లో వచ్చే కొండ ఎక్కుడులో వాళ్ళందరినీ టామ్ వదిలేశాడు. 2 గంటల 24 నిమిషాల 24 సెకన్లలో ముగించాడు. అంతకు ముందు పదేళ్ళలో గెలిచినవాళ్ళలో అందరికంటే వేగంగా వచ్చినవాడి సమయం కంటే ఇది 4 నిమిషాల 59 సెకన్లు తక్కువ. (అప్పటి బోస్టన్ దారి ఇప్పటి మారథాన్ కంటే కొంచెం పొట్టి, ఇరవై నాలుగున్నర మైళ్ళు ఉండేది.)

టొరంటో నగరం టామ్‌ను ఊరేగించింది. మేళాలు, దివిటీలు, ఉపన్యాసాలు. చదువు కోసమని నగరపాలక సంస్థ 500 డాలర్లు ప్రకటించింది. ఆ డబ్బు అతను బతికుండగా చేతికి రాలేదు. సన్మానసభలో ప్రకటించే డబ్బు సంగతి మనకు కొత్త కాదు.

ఇక ఇక్కడి నుంచి అసలు సంగతి, అంటే మేనేజర్ల సంగతి మొదలవుతుంది. ఆ కాలంలో పరుగువాళ్ళు రెండు రకాలు. ఒకరు అమెచ్యూర్లు, వాళ్ళు డబ్బు ముట్టకూడదు. ఒలింపిక్సు, బోస్టన్ వాళ్ళకే. రెండోవాళ్ళు ప్రొఫెషనల్సు, డబ్బుకు పరిగెత్తేవాళ్ళు. ఇంట్లో డబ్బున్నవాడికి అమెచ్యూర్‌గా ఉండటం సులువు. టామ్ లాంటివాడు పని మానుకుని రోజంతా తర్ఫీదు చేస్తే తిండి ఎక్కణ్ణించి వస్తుంది? అందుకని ఎవరో ఒకరి నీడన ఉండాల్సి వచ్చింది. మొదట టొరంటోలో వై.ఎం.సి.ఏ. వాళ్ళ దగ్గర ఉన్నాడు. అక్కడి కట్టుబాట్లు నచ్చక బయటికొచ్చాడు. తరువాత టామ్ ఫ్లానగన్ అనే ఆయన చేరదీశాడు. ఈ ఫ్లానగన్ హోటలు నడిపేవాడు, ఐరిష్ కెనడియన్ అథ్లెటిక్ క్లబ్బు నడిపేవాడు. మాటకారి, పేపర్లవాళ్ళతో పరిచయాలు, బెట్టింగు మీద ఇష్టం. తన హోటల్లోనే టామ్‌ను ఉంచుకున్నాడు. ఇద్దరి పేరూ టామే గనక ఇక్కణ్ణించి నేను మనవాణ్ణి లాంగ్‌బోట్ అనే రాస్తాను.

ఫ్లానగన్ చెడ్డవాడని ఒక్క మాటలో రాసెయ్యడం నాకు ఇష్టం లేదు. లాంగ్‌బోట్‌కు తిండి, చోటు, పెద్ద పందాలు అతని వల్లనే వచ్చాయి. కానీ అంతా తన చేతిలోనే ఉండాలి, అదీ చిక్కు. ఇలా పోషించడం చూసి అమెరికా అథ్లెటిక్ సంఘంవాళ్ళు లాంగ్‌బోట్ అమెచ్యూర్ కాదని 1907లోనే తేల్చేశారు. ముందటేడు రికార్డు పెట్టిన బోస్టన్‌లో 1908లో పరిగెత్తే వీలు లేకపోయింది. కెనడావాళ్ళు మాత్రం మా అమెచ్యూరే అని 1908 లండన్ ఒలింపిక్సుకు పంపారు.

ఆ ఒలింపిక్ మారథాన్ జూలై 24న జరిగింది. ఇప్పుడు ప్రపంచమంతా పరిగెత్తే 26 మైళ్ళ 385 గజాల దూరం మొదటిసారి పెట్టింది ఆ రోజే. ఎండ మండిపోతోంది. లాంగ్‌బోట్ ముందువరసలో ఉన్నాడు, ఒక దశలో రెండో స్థానంలో ఉన్నాడు. ఇరవయ్యో మైలు దగ్గర ఉన్నట్టుండి కూలబడిపోయాడు. ఎండ దెబ్బ అని కొందరు అన్నారు. దారిలో అతనికేదో ఉత్తేజం మందు ఎక్కువ మోతాదులో ఇచ్చారని కెనడా జట్టు మేనేజరే అనుమానించాడు. ఆ రోజుల్లో స్ట్రిక్నిన్ అనే విషాన్ని కొంచెం కొంచెం మందులా ఇచ్చేవాళ్ళు. ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అన్నది తేలనే లేదు. నాకు తోచింది ఒక్కటే. తన ఒంట్లోకి ఏం పోతోందో పరిగెత్తేవాడికి తెలియకపోతే ఆ ఒళ్ళు ఎవరిది?

అదే పందెంలో ఇటలీవాడు డొరాండో పియెట్రి స్టేడియంలోకి మొదట వచ్చి, పడుతూ లేస్తూ, అధికారులు చెయ్యిపట్టి దాటిస్తే గీత దాటాడు. సాయం తీసుకున్నాడని బహుమతి తీసేశారు. ఆ కథ ప్రపంచమంతా పాకి, జనానికి మారథాన్ పిచ్చి పట్టింది. టిక్కెట్టు కొని చూడటానికి వచ్చారు. దాంతో ప్రొఫెషనల్ పరుగులో డబ్బు వచ్చి పడింది. లాంగ్‌బోట్ గూడా ప్రొఫెషనల్ అయిపోయాడు.

1908 డిసెంబరు 15న న్యూయార్కులో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో లాంగ్‌బోట్‌కు, డొరాండోకు పోటీ పెట్టారు. గార్డెన్ అన్నారని తోట అనుకోకండి, నేనూ అలాగే అనుకున్నాను. అది పెద్ద హాలు. పైకప్పు కింద పరుగు. పది రౌండ్లు తిరిగితే ఒక మైలు. మారథాన్ మొత్తం అంటే రెండు వందల అరవైకి పైగా రౌండ్లు, చుట్టూ చుట్టల పొగ, బ్యాండు మేళం, అరుపులు. మన గ్రౌండులో ఏడున్నర రౌండ్లకే నాకు కళ్ళు తిరుగుతాయి. చివరి మైలులో డొరాండో పడిపోయాడు. లాంగ్‌బోట్ గెలిచాడు. జనవరి 2న బఫెలోలో మళ్ళీ పెడితే మళ్ళీ గెలిచాడు.

ఈ రెండింటి మధ్య డిసెంబరు 28న లాంగ్‌బోట్ పెళ్ళి జరిగింది. పెళ్ళికూతురు లారెట్టా మరాకిల్, మోహాక్ అమ్మాయి. ఫ్లానగన్ ఏం చేశాడంటే, టొరంటోలో మాస్సీ హాలు అనే పెద్ద సభాభవనంలో స్టేజి మీద పెళ్ళి విందు పెట్టించాడు. పెళ్ళి గూడా ఆటే అయిపోయింది పాపం.

తరువాత 1909 ఫిబ్రవరి 5న ఇంగ్లండువాడు ఆల్ఫ్రెడ్ ష్రబ్‌తో అదే హాల్లో పోటీ. ష్రబ్ అంటే అప్పటికి ప్రపంచ రికార్డులు గుట్టగా ఉన్నవాడు. మొదటి నుంచీ వేగంగా పరిగెత్తి లాంగ్‌బోట్‌ను ఎనిమిది రౌండ్లు వెనక పడేశాడు. చూసేవాళ్ళంతా అయిపోయింది అనుకున్నారు. లాంగ్‌బోట్ తొందరపడలేదు. తన నడక తనదే అన్నట్టు పరిగెత్తుతూ పోయాడు. ఇరవై మైళ్ళు దాటాక ష్రబ్ కాళ్ళు మొరాయించాయి. ఒక్కొక్క రౌండే దూరం తగ్గుతూ వచ్చింది. ఇరవై అయిదో మైలులో ష్రబ్ పందెం వదిలేశాడు. లాంగ్‌బోట్‌ను ప్రపంచ ప్రొఫెషనల్ మారథాన్ చాంపియన్ అన్నారు. వీళ్ళిద్దరూ మొత్తం పదిసార్లు తలపడ్డారు. ఇరవై మైళ్ళ లోపు అయితే ప్రతిసారీ ష్రబ్, దాటితే ప్రతిసారీ లాంగ్‌బోట్. ఈ లెక్క నాకు భలే నచ్చింది. ఎవరి దూరం వాళ్ళది. (ష్రబ్ తరువాత ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కోచ్ అయ్యాడు. తెల్ల పరుగువీరుడికి పరుగు అయ్యాక ఆ దారి ఉంది. లాంగ్‌బోట్‌కు ఏముందో కింద చూడండి.)

ఇప్పుడు బదలాయింపు. ఆ 1909 మొదట్లోనే ఫ్లానగన్‌కు, లాంగ్‌బోట్‌కు పడకుండా పోయింది. తర్ఫీదు విషయంలో చెప్పిన మాట వినడంలేదని ఫ్లానగన్ కోపం. ఏం చేశాడో తెలుసా? లాంగ్‌బోట్ ఒప్పందాన్ని న్యూయార్కులో పందాలు పెట్టించే ప్యాట్ పవర్స్ అనే ఆయనకు 2000 డాలర్లకు అమ్మేశాడు. కొంతకాలానికి పవర్స్ దాన్ని హామిల్టన్‌లో సోల్ మింట్జ్ అనే ఆయనకు 700 డాలర్లకు అమ్మాడు. 2000 నుంచి 700! మా సంతలో ఎద్దుల బేరం మీరు చూసే ఉంటారు. దళారి తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర చెబుతాడు. కొనేవాడికి తెలుసు, అమ్మేవాడికి తెలుసు. ఎద్దుకు తెలియదు. అయితే లాంగ్‌బోట్ ఎద్దు కాదు గదా, తెలిసింది. పందెపు గుర్రాన్ని అమ్మినట్టు తనను అమ్మేశారని బాధపడ్డాడట.

అసలు చెప్పిన మాట వినడంలేదు అన్నారే, ఆ మాట ఏమిటి? రోజూ గట్టిగా పరిగెత్తమనేవాళ్ళు. లాంగ్‌బోట్ అలా చేసేవాడు కాదు. ఒక రోజు ఒళ్ళు విరిగేటట్టు పరిగెత్తేవాడు. తరువాత రోజుల్లో మైళ్ళకొద్దీ నడిచేవాడు, వేరే ఆటలు ఆడేవాడు, ఊరికే ఉండేవాడు. కాళ్ళు కోలుకున్నాక మళ్ళీ గట్టి పరుగు. ఇది చూసి మేనేజర్లు బద్ధకస్తుడు అన్నారు. పేపర్లు గూడా అదే రాశాయి. ఆదివాసీ గదా, బద్ధకం వాళ్ళ రక్తంలోనే ఉంటుందని రాసిన పేపర్లు గూడా ఉన్నాయి. గెలిస్తే మేనేజరు గొప్ప, ఓడితే ఆదివాసీ బద్ధకం. ఎటు చూసినా అతని గొప్ప మాత్రం కాదు.

మిత్రులారా, మన పి.ఇ.టి. మాస్టారు మంగళవారం గట్టి పరుగు పెట్టి బుధవారం నడక పెడతారు గుర్తుందా? బుధవారం గూడా పరిగెత్తిస్తేనే గదా గట్టిపడతాం అని నేనే ఒకసారి గొణిగాను. ఇప్పుడు ప్రపంచంలో పెద్ద పరుగువాళ్ళంతా అలాగే చేస్తారు. ఒక రోజు కష్టం, ఒక రోజు తేలిక. కండకు దెబ్బ తగిలేది పరుగులో, అది బాగుపడి బలపడేది విశ్రాంతిలో. లాంగ్‌బోట్‌కు ఇది ఎవరూ చెప్పలేదు. తన కాళ్ళే తనకు చెప్పాయి.

1909లో న్యూయార్కు పోలో గ్రౌండ్సులో ఆరుగురు మేటి పరుగువాళ్ళను పెట్టి మారథాన్ డెర్బీ జరిపారు. అందులో ఫ్రాన్సువాడు హెన్రీ సెంట్ ఈవ్ గెలిచాడు. లాంగ్‌బోట్ మధ్యలోనే ఆగిపోయాడు. ఓటములు గూడా రాయాలి గనక రాశాను. తాగుడు గొడవలో 1911లో కోర్టుకు గూడా వెళ్ళాల్సి వచ్చింది. పేపర్లు దాన్ని పండగ చేసుకున్నాయి.

ఆ రోజుల్లోనే లాంగ్‌బోట్ ఒక పని చేశాడు. నాకు అతని బోస్టన్ గెలుపు కంటే ఇదే గొప్పగా కనిపిస్తుంది. తన ఒప్పందాన్ని తానే డబ్బిచ్చి కొనుక్కున్నాడు. అంటే తన కాళ్ళకు తానే మేనేజరు అయ్యాడు. ఎక్కడ పరిగెత్తాలి, ఎంతకు పరిగెత్తాలి, ఏ రోజు నడవాలి, ఏ రోజు ఊరికే ఉండాలి, అన్నీ అతనే తేల్చుకోవచ్చు. బడి మధ్యలో వదిలేసినవాడు ఇది నడపలేడనే గదా అంతా అనుకునేది? జరిగింది వేరు. అతని సమయాలు మెరుగుపడ్డాయి. 1912లో స్కాట్లండులోని ఎడిన్‌బరోలో 15 మైళ్ళను 1 గంట 18 నిమిషాల 10 సెకన్లలో పరిగెత్తి ప్రొఫెషనల్ రికార్డు పెట్టాడు. అమెచ్యూర్‌గా ఉన్నప్పటి తన సొంత సమయం కంటే ఏడు నిమిషాలు తక్కువ. ఇంతమంది మేనేజర్లు గట్టిగా తోమినప్పుడు రాని వేగం, బద్ధకస్తుడు తన ఇష్టం వచ్చినట్టు తర్ఫీదు చేసుకుంటే వచ్చింది. నేను ఈ అంకె రాసి పెట్టె మూత లోపల అంటించుకున్నాను.

తరువాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1916లో సైన్యంలో చేరి ఫ్రాన్సు వెళ్ళాడు. 107వ పయొనీర్ బెటాలియన్‌లో వార్తలు మోసే పరుగువాడి పని. తుపాకులు పేలుతుంటే ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఉత్తర్వులు పట్టుకుని పరిగెత్తాలి. సైనికుల పరుగు పందాల్లో అక్కడ గూడా గెలిచాడు. ఈలోగా అతను చనిపోయాడని ఇంటికి పొరపాటు కబురు వెళ్ళింది. లారెట్టా ఇంకొకరిని పెళ్ళి చేసుకుంది. తిరిగి వచ్చి చూస్తే ఇల్లు లేదు. ఎవరిని తప్పు పడతాం? 1920లో మార్తా సిల్వర్‌స్మిత్ అనే ఆవిడను పెళ్ళి చేసుకున్నాడు. నలుగురు పిల్లలు పుట్టారు.

యుద్ధం అయ్యేసరికి మారథాన్ పిచ్చి జనానికి వదిలిపోయింది. వయసూ మీద పడింది. కొన్నాళ్ళు ఆ పనీ ఈ పనీ చేసి, చివరకు టొరంటో నగరపాలక సంస్థలో వీధులు ఊడ్చే శాఖలో పనికి కుదిరాడు. 1940ల మధ్యదాకా ఆ పనిలోనే ఉన్నాడు. దివిటీలతో ఊరేగించిన ఊళ్ళోనే చెత్త ఎత్తాడు. పేపర్లవాళ్ళు వచ్చి అయ్యో ఎంతటివాడు ఎలా అయ్యాడు అని రాసుకుపోయేవాళ్ళు. అతను మాత్రం సిగ్గుపడలేదని, నెల జీతంతో పిల్లలను పెంచుకుంటూ బాగానే ఉన్నాడని చదివాను. నాకు ఇక్కడ మాస్టారితో చిన్న వాదన గూడా అయింది. చివరికి ఊడ్చే పని మిగిలింది అని నేను బాధగా అంటే, మరి మీ హాస్టలు ఊడ్చే అప్పలమ్మత్తను చూస్తే ఎందుకు బాధపడవు అని ఆయన అడిగారు. నాకు జవాబు తోచలేదు.

పని మానేశాక సొంత రిజర్వుకు వెళ్ళిపోయాడు. 1949 జనవరి 9న నిమోనియాతో చనిపోయాడు. ఒనొండాగా ఆచారం ప్రకారమే అంత్యక్రియలు జరిగాయి. పన్నెండేళ్ళప్పుడు బడివాళ్ళు వదిలెయ్యమన్న ఆచారం అది.

చనిపోయాక గౌరవాలు వరసగా వచ్చాయి. 1951 నుంచి కెనడాలో ఆదివాసీ క్రీడాకారులకు అతని పేరుతో బహుమతి ఇస్తున్నారు. 1955లో క్రీడా ప్రముఖుల జాబితాలో పేరు చేర్చారు. 2000లో తపాలా బిళ్ళ వేశారు. అంటారియోలో జూన్ 4ను టామ్ లాంగ్‌బోట్ రోజుగా 2008లో చట్టం చేశారు. కానీ బద్ధకస్తుడు అన్న మచ్చ మాత్రం చాలా ఏళ్ళు అలాగే ఉంది. దాన్ని తుడవడానికి ఇంకొక పరుగువాడే రావలసి వచ్చింది. బ్రూస్ కిడ్ అనే ఆయన 1962 కామన్‌వెల్త్ క్రీడల్లో ఆరు మైళ్ళ పరుగులో బంగారు పతకం గెలిచినవాడు. ఆయన 1980లో లాంగ్‌బోట్ జీవితచరిత్ర రాసి, పాత పేపర్లలో రాసిన బద్ధకం కబుర్లలో పస లేదని, అది మంచి తర్ఫీదేనని చూపించాడు. పేపర్లవాళ్ళకు తెలియనిది ఆయన కాళ్ళకు తెలుసు గదా.

కాగితం సంగతి చెప్పి ఆపేస్తాను, చార్టు గూడా అయిపోవచ్చింది. ఆ ఆరు పేజీలు ఇప్పుడు నా ట్రంకు పెట్టెలో ఉన్నాయి. అయిదో పేజీలో బదలాయింపు వాక్యం కింద పెన్సిలుతో గీత గీశాను. పట్నం వెళ్ళి తర్ఫీదు పొందాలని నాకు లేకపోలేదు, చాలా ఉంది. బూట్లు గూడా కావాలి. మా నాన్న శుక్రవారం సంతకు దిగి, ఆదివారం దాకా ఇక్కడే మా పెద్దమ్మగారింట్లో ఉంటాడు. ఆదివారం మధ్యాహ్నం ఇంగ్లీషు మాస్టారు, పి.ఇ.టి. మాస్టారు కూర్చుని మొత్తం కాగితాన్ని మా నాన్నకు తెలుగులో చదివి చెబుతామన్నారు. వార్డెన్ గారు తన గది ఇస్తానన్నారు.